మూడు గ్రుడ్ల కొరకు

మన యిండ్లలో కోడిపెట్ట పొదుగుచున్న గ్రుడ్లను చూడవలెనన్న పెరటి గడప దాటిన చాలును. మూడే మూడు గ్రుడ్ల కొరకు ముగ్గురు మనుష్యులు ఐదు వారములు చీకటిలో, మంచులో నడచిన కథ నొకదానిని నేడు చెప్పుకొందము.

అది 1911వ సంవత్సరము. దక్షిణ ధ్రువమును చేరదలచిన కెప్టెన్ స్కాట్ తన బృందముతో అంటార్కిటికా అంచుననున్న రాస్ ద్వీపమున విడిది చేసియుండెను. ధ్రువయాత్రకు వేసవి రావలెను. అది రాకమునుపే, నడి చలికాలమున, జూన్ 27వ తేదీన, బృందములోని ముగ్గురు ఆ ద్వీపపు రెండవ కొననున్న కేప్ క్రోజియరునకు బయలుదేరిరి. దూరము 67 మైళ్ళు. నాయకుడు ఎడ్వర్డ్ విల్సన్. వైద్యుడు, జీవశాస్త్రజ్ఞుడు, చేయి తిరిగిన చిత్రకారుడు. రెండవవాడు హెన్రీ బవర్స్, రాయల్ ఇండియన్ మెరైన్ కొలువులో నుండి బర్మాలో ఐరావతీ నదిపై ఓడ నడిపినవాడు. మన కోస్తా జనులు పొట్టకూటికై వలసపోయిన ఆ యెండల దేశమునుండి వచ్చియు, చలిని అందరికంటె తేలికగా ఓర్చినవాడు ఇతడే. మూడవవాడు ఆప్స్లీ చెర్రీ-గారర్డ్, ఇరువదియైదేండ్ల యువకుడు. కండ్లజోడు లేనిదే అతనికి దూరపు వస్తువు కానరాదు; ఆ చలిలో జోడు పెట్టుకొనుటకు వీలే లేదు.

అంత చలిలో పోవనేల? కారణము ఎంపరర్ పెంగ్విన్ అను పక్షి. పెంగ్విన్లలో నెల్ల పెద్దది. నిలుచున్నచో మూడున్నర అడుగులు దాటును. ఎగురలేదు. ఆడపక్షి మే, జూన్ నెలలలో ఒక్క గ్రుడ్డు పెట్టి, దానిని మగపక్షికి అప్పగించి మేతకై సముద్రమునకు పోవును. గూడు లేదు, పుల్ల లేదు. మగపక్షి ఆ గ్రుడ్డును తన పాదములపై నుంచుకొని, పొట్టక్రింది చర్మపు మడతతో కప్పి, సుమారు 65 దినములు పొదుగును. జతకూడ వచ్చిన నాటినుండి ఆడది తిరిగి వచ్చు వరకు, దాదాపు నాలుగు నెలలు, దానికి ఉపవాసమే. పెనుగాలి వీచునపుడు వందలాది తండ్రులు ఒకరినొకరు ఆనుకొని గుంపుగూడుదురు. అంచుననున్నవారు లోనికి, లోనివారు అంచునకు జరుగుచు వెచ్చదనమును పంచుకొందురు. పక్షులను ‘వారు’ అంటిమి, దిద్దుకొనము.

ఈ కష్టమంతయు సముద్రముపై పేరుకొను మంచును నమ్ముకొని పడునది. వేసవిలో ఆ మంచు పగిలిపోవును. ఆలోపల పిల్ల నూగు రాల్చి, నీటికి తడవని యీకలు తొడుగుకొనవలెను. అందుచేత చలికాలముననే గ్రుడ్డు పొదుగబడవలెను.

పెంగ్విన్ మిక్కిలి ప్రాచీనమైన పక్షి యని విల్సన్ తలచెను. పిండము తన జాతి చరిత్రనంతయు గర్భములోనే మరల నడచునన్న సిద్ధాంతము ఆనాడు ప్రబలముగా నుండెను. అట్లయిన ఈ పక్షి పిండములో సరీసృపములకును పక్షులకును నడిమి లంకె కనబడవలెను. పిండము కావలెనన్న గ్రుడ్డు కావలెను. గ్రుడ్డు కావలెనన్న చలికాలమున పోవలెను.

స్టూడియోలోని చలియంత్రము కొంచెము జోరుగా వీచిననే మాకు శాలువ కావలసివచ్చును. వారు చూచిన చలి సున్నకు దిగువ 60 సెంటిగ్రేడు డిగ్రీలు దాటినది. సూర్యుడు లేడు. రెండు స్లెడ్జిబండ్లను ఒక్కమారు లాగలేక, ఒకదానిని కొంతదూరము లాగి, వెనుకకు వచ్చి రెండవదానిని లాగిరి. అనగా ఒక మైలు ముందునకు పోవుటకు మూడు మైళ్ళ నడక. వ్రేళ్ళపై పొక్కులు లేచి, అందులోని నీరు గడ్డకట్టినది. ఒకనాటి ఉదయము చెర్రీ-గారర్డ్ డేరా వెలుపలికి వచ్చి తలయెత్తి చుట్టును చూచెను. పదునైదు సెకండ్లలో బట్టలు కొయ్యబారినవి. ఆపై నాలుగు గంటలు తల అట్లే యెత్తి బండి లాగెను. 18 పౌనులున్న అతని పడకసంచి తిరిగివచ్చునాటికి 45 పౌనులు తూగెను. హెచ్చినదంతయు అతని చెమటయు ఊపిరియు గడ్డకట్టిన మంచే.

పందొమ్మిది దినములకు క్రోజియర్ చేరి, రాళ్ళతో గోడలు పేర్చి, పైన కాన్వాసు కప్పి గుడిసె కట్టిరి. పక్షులు నూరు మాత్రమే కనబడినవి. కొన్ని గ్రుడ్డు లేక, గుండ్రని మంచుముక్కను పాదములపై నుంచుకొని పొదుగుచుండెను! ఈ సంగతి చదివినపుడు మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిమి. ఐదు గ్రుడ్లు తీసికొనిరి. చీకటిలో తిరిగి వచ్చుచుండగా చెర్రీ-గారర్డ్ చేతిలోని రెండును పగిలిపోయెను.

పిమ్మట తుపాను. డేరా యెగిరిపోయెను. మరునాడు, జూలై 23న, గుడిసె కప్పు చినిగి పీలికలయ్యెను. ఆనాడు విల్సన్ జన్మదినము. ముగ్గురును పడకసంచులలో మంచుక్రింద పడియుండి పాటలు పాడుకొనిరి. డేరా లేక తిరుగుప్రయాణము లేదు. గాలి తగ్గినపిదప బవర్స్ దానిని అరమైలు దూరమున, ఏటవాలు అడుగున, చెడక పడియుండగా కనుగొనెను. ఆగస్టు 1న విడిది చేరినపుడు వారి బట్టలను కోసి విప్పవలసివచ్చెను.

విల్సన్, బవర్స్ మరుసటి సంవత్సరము స్కాటుతో ధ్రువమును చేరి, తిరుగుదారిలో మరణించిరి. గ్రుడ్లను 1913లో చెర్రీ-గారర్డ్ ఒక్కడే లండనులోని ప్రకృతిశాస్త్ర మ్యూజియమునకు తెచ్చెను. అక్కడ తన్ను వాకిట చాలసేపు నిలిపిరనియు, రసీదు పొందుటకే పోరవలసివచ్చెననియు 1922 నాటి తన గ్రంథములో వ్రాసికొనెను. 1934లో ప్రకటింపబడిన పరిశోధన, పెంగ్విన్ పిండమును గూర్చి ఆ గ్రుడ్లవలన తెలిసిన క్రొత్త విషయము స్వల్పమని తేల్చెను. విల్సన్ నమ్మిన సిద్ధాంతమే అప్పటికి వీగిపోయినది. పక్షులకు సరీసృపములతో బంధుత్వమున్న మాట నిజమే. అందుకు సాక్ష్యము గ్రుడ్లలో గాక శిలాజములలో దొరికినది.

నేడు ఈ పక్షులను ఉపగ్రహములనుండి లెక్కించుచున్నారు. తెల్లని మంచుపై గోధుమవన్నె రెట్టల మరకలనుబట్టి స్థావరము తెలియును. 2009 నాటి చిత్రములతో తీసిన లెక్కలో పక్షులు సుమారు 5,95,000. ఓడలలో అంటార్కిటికా చూడబోవువారు 2023-24లో లక్ష దాటిరి. వారిలో ఎంపరర్ స్థావరమును చూచువారు బహు కొద్దిమంది. చూడనక్కరలేదు కూడ, దాని క్రింది మంచు నిలిచిన చాలును. 2022లో బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రతీరమున మంచు పిల్లలకు ఈకలు రాకమునుపే విడిపోయెను. అక్కడి ఐదు స్థావరములలో నాలుగింట ఒక్క పిల్లయు బ్రతికినట్లు లేదు. సముద్రపు మంచు తరుగుచున్నందున అదే యేట అమెరికా ప్రభుత్వము ఎంపరర్ పెంగ్విన్ను ప్రమాదమున నున్న జాతిగా ప్రకటించినది.

క్రోజియరును కూడ ఆపద తాకినది. 2001 ప్రాంతమున బి-15 అను మహా హిమఖండమునుండి విడివడిన భాగము వచ్చి ఢీకొని, ఆ స్థావరమును చెల్లాచెదరు చేసెను. కొన్ని యేండ్లకు పక్షులు మరల అక్కడికే చేరినవి.