స్మట్స్‌తో వాదించిన విజయలక్ష్మి

విజయలక్ష్మీ పండిట్ అనగానే ‘నెహ్రూ గారి చెల్లెలు’ అనేస్తాం. ఆ చుట్టరికం ఆమెకు అక్కరకు రాలేదని ఎవరూ అనరు. కానీ సభలో లేచి నిలబడ్డాక అన్నగారు వచ్చి మాట్లాడిపెట్టరు కదా!

1900లో అలహాబాదులో పుట్టారు. 1937లో సంయుక్త ప్రావిన్సుల (యు.పి.) ప్రభుత్వంలో స్థానిక స్వపరిపాలన, ప్రజారోగ్య శాఖల మంత్రి అయ్యారు. మన దేశంలో ఒక స్త్రీ మంత్రి కావడం అదే మొదలు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకూ వెళ్లారు.

1944 జనవరిలో భర్త రంజిత్ పండిట్ పోయారు. జైల్లోనే ఆయన ఆరోగ్యం పాడైంది. ముగ్గురూ ఆడపిల్లలే. మగబిడ్డ లేని వితంతువుకు ఆనాటి హిందూ చట్టం అండగా నిలవలేదు. భర్త ఆస్తి ఆయన సోదరుడి పాలైంది. మాజీ మంత్రి పరిస్థితే ఇలా ఉంటే మామూలు ఆడవాళ్ల గతేమిటో చెప్పక్కర్లేదు.

మూడేళ్లు తిరగకుండానే ఆమె న్యూయార్కులో, ఐక్యరాజ్య సమితిలో భారత బృందానికి నాయకురాలిగా నిలబడ్డారు. అక్కడి వివాదమూ ఆస్తి హక్కుదే కావడం విచిత్రం. దక్షిణాఫ్రికాలో భారతీయులు భూమి కొనకుండా 1946లో కొత్త చట్టంతో కట్టడి చేశారు. అది తమ ఇంటి వ్యవహారమని ఆ దేశ ప్రధాని స్మట్స్ వాదన. సమితి ఛార్టర్ పీఠికలో మానవ హక్కుల మాట రాయించిన పెద్దమనిషీ ఆయనే! ఈ వివాదంపై తీర్మానానికి డిసెంబరు 8న ఓటింగ్ జరిగింది. మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. అనుకూలం 32, వ్యతిరేకం 15. ఒక్క ఓటు అటు మారినా తీర్మానం వీగిపోయేది. గెలిచాక ఆమె నేరుగా స్మట్స్ దగ్గరికి వెళ్లి, తన మాట ఎక్కడైనా హద్దు దాటి ఉంటే క్షమించమన్నారు. గాంధీజీ బోధించి పంపిన మర్యాద అది.

తర్వాత మాస్కో, వాషింగ్టన్, లండన్‌లలో రాయబారం నడిపారు. మాస్కోలో ఉన్నన్నాళ్లూ స్టాలిన్ ఆమెకు దర్శనమివ్వలేదు. ఆమె తర్వాత వెళ్లిన రాధాకృష్ణన్ గారికి ఇచ్చాడు. 1953లో సమితి సర్వసభ్య సభకు అధ్యక్షురాలయ్యారు. అంతకుముందు ఆ పీఠం మీద స్త్రీ ఎవరూ కూర్చోలేదు.

ఆ పదవుల కంటే నాకు 1977 ముఖ్యమనిపిస్తుంది. రాజకీయాలు వదిలి డెహ్రాడూన్‌లో ఉంటున్న ఆమె, డెబ్బై ఆరేళ్ల వయసులో, ఎమర్జెన్సీ విధించిన సొంత మేనకోడలు ఇందిరా గాంధీకి వ్యతిరేకంగా ఊరూరా ప్రచారం చేశారు. ఇందిర ఓడారు. ఆ ఏడాదే రాష్ట్రపతి పదవికి విజయలక్ష్మి పేరూ వినిపించింది కానీ, చివరికి మన నీలం సంజీవరెడ్డి గారు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.