చక్రములు, వెనుక రెక్క: స్పోర్ట్స్ కారు మార్పులో వివేకము



స్పోర్ట్స్ కారును తమ అభిరుచికి తగినట్లు మార్చుకొనవలెనను కోరిక యువకులలో ప్రబలముగా ఉన్నది. అట్టివారి కన్ను మొదట పడునవి రెండు: వెడల్పయిన అల్లాయ్ చక్రములు, డిక్కీపై నిలుచు రెక్క. ఈ రెంటిని అలంకారములుగా భావించువారు పెక్కురు. కాని అవి పందెపు మైదానమున అవసరమును బట్టి పుట్టినవి. ప్రతిదానికి ఒక ప్రయోజనమును, ఒక ప్రమాదమును కలవు. ఆ రెంటిని ఎరిగి ఎన్నుకొనుట ఎట్లో తెలుపుటయే ఈ ప్రసంగ విషయము.

కారు ఎంత పెద్దదైనను నేలను తాకునది నాలుగు టైర్ల అడుగుభాగము మాత్రమే. ఒక్కొక్కటి సుమారు అరచేయి అంత చోటు. వేగము పుంజుకొనుట, బ్రేకు పట్టుట, మలుపు తిరుగుట, అన్నియు ఆ నాలుగు చోట్లనే జరుగవలెను. ఆ పట్టును నిలుపునది చక్రము. అధిక వేగమున దానిని పెంచునది రెక్క. కావున రెంటిని కలిపి ఆలోచింపవలెను. అందును చక్రము ముందు, రెక్క తరువాత.

చక్రము విషయమున మొదట చూడవలసినది బరువు. చక్రము, టైరు, బ్రేకు స్ప్రింగులకు దిగువ నుండును. అవి బరువైనకొలది గతుకులపై చక్రము నేలను విడిచి ఎగురుట హెచ్చును. తేలిక చక్రము నేలను అంటిపెట్టుకొని పోవును. కంటికి ఇంపుగా ఉన్నదని రిమ్ము వ్యాసమును అతిగా పెంచినచో బరువు పెరుగును. టైరు ప్రక్కగోడ సన్నమగును. అప్పుడు ఒక్క గుంత చాలును, రిమ్ము వంగుటకో, పగులుటకో. రిమ్ము పెద్దదైనను టైరుతో కూడిన మొత్తము వ్యాసము మారరాదు. మారినచో వేగమును చూపు ముల్లు తప్పు చూపును.

రెండవది అమరిక. బోల్టుల వలయము, నడిమి రంధ్రము హబ్బునకు సరిగా కుదురవలెను. చక్రమును బయటికి నెట్టు కొలదిని ఆఫ్‌సెట్ అందురు. కారు మరింత వెడల్పుగా కనబడవలెనని దానిని మార్చినచో బేరింగులపై భారము పెరుగును, స్టీరింగు స్వభావము చెడును, టైరు మడ్‌గార్డునకు రాసుకొనును. మూడవది బలము. ఇరుసు మోయదగిన గరిష్ఠ భారములో సగమునైనను ఒక్కొక్క చక్రము మోయగలిగి ఉండవలెను. పేరుమోసిన చక్రమునకు చౌకబారు నకలు కొనుట ప్రాణమును పణముగా ఒడ్డుటయే.

ఇక రెక్క. విమానపు రెక్క గాలివలన పైకి లేచును. కారు రెక్క దానిని తలక్రిందులు చేసినట్టిది కనుక క్రిందికి అదుమును. ఈ అదుము వేగము యొక్క వర్గమును అనుసరించి పెరుగును. ఒకటిన్నర మీటరు పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు గల సామాన్యమైన రెక్కను తీసికొందురు గాక. గంటకు 50 కిలోమీటర్ల వేగమున అది అదుమునది సుమారు మూడున్నర కిలోల బరువు. 100 కిలోమీటర్లవద్ద 14 కిలోలు. 200 కిలోమీటర్లవద్ద 57 కిలోలు. నగరపు వీధిలో తిరుగు కారునకు రెక్క చేయు మేలు ఇంత స్వల్పము. గాలిని ఎదిరించు భారము, ఇంధనపు ఖర్చు మాత్రము వెంటనంటి యుండును. అంతేకాక వెనుక ఇరుసునకు ఆవల నిలిచిన రెక్క తూనికకోల వలె ముందు చక్రములను తేలిక చేయును. ముందుభాగమున తగిన ఏర్పాటు లేనిచో అధిక వేగమున కారు మలుపు తిరుగుటకు మొరాయించును.

ఈ విద్య ఒక్కనాట అబ్బినది కాదు. 1956లో స్విట్జర్లాండు ఇంజనీరు మైకేల్ మే తన పోర్షె 550 కారుపై రెక్కను నిలిపి జర్మనీలోని నూర్బుర్గ్‌రింగునకు కొనిపోయెను. నిర్వాహకులు దానిని పందెమున అనుమతింపలేదు. 1966లో అమెరికాలో జిమ్ హాల్ తన చాపరల్ 2ఇ కారునకు ఎత్తయిన కంబములపై రెక్కను అమర్చి, దాని అదుము నేరుగా వెనుక చక్రములకే చేరునట్లు చేసెను. ఇతరులు వెంటనే అనుకరించిరి. 1969లో బార్సిలోనాలోని మోంజూయిక్ మైదానమున లోటస్ జట్టు కారుల ఎత్తయిన రెక్కలు విరిగెను. మొదట గ్రాహం హిల్, పిమ్మట అదే తావున యోకెన్ రింట్ ప్రమాదమునకు గురియైరి, రింట్ గాయపడెను. ఆ నెలలోనే మొనాకోలో ఎత్తయిన రెక్కలు నిషేధింపబడెను. ప్రపంచప్రసిద్ధ జట్టు చేసిన రెక్కయే విరుగగా, పలుచని డిక్కీ రేకునకు నాలుగు మరలతో బిగించిన రెక్క మాట చెప్పవలెనా?

సముచితమైన ఎన్నికకు ఉదాహరణము 1972లో వెలువడిన పోర్షె 911 కరేరా ఆర్ఎస్ 2.7. వేగమున ఆ కారు వెనుకభాగము పైకి తేలుచుండెను. దానిని అరికట్టుటకు ఇంజను మూతపై బాతుతోకవంటి చిన్న అంచును, దానికి జోడుగా ముందు క్రిందిభాగమున మరియొక అంచును అమర్చిరి. చక్రములు 15 అంగుళములవే. ముందు వెడల్పు ఆరు, వెనుక ఏడు అంగుళములు. బరువు వెనుక నుండుటచే వెనుక టైర్లు వెడల్పు. చక్రము, తోక, ముందంచు మూడును ఒకే ఆలోచనకు అంగములు. ఆ కారు అందము ఆ పొందికయే.

భారతదేశమున మరియొక విషయము గమనింపదగియున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరములకు విరుద్ధముగా వాహనమును మార్చరాదనుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానినే దృఢపరచెను. అదే సంవత్సరపు సవరణ ప్రకారము అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, లేక ఆరు నెలల వరకు ఖైదు, లేక రెండును. బీమా సంస్థకు తెలుపని మార్పు ఆపత్సమయమున కుటుంబమునకు రావలసిన పరిహారమును చిక్కులలో పడవేయవచ్చును.

కావున రోడ్డుపై నడుపు కారునకు తయారీదారు ఆ నమూనాకు అంగీకరించిన చక్రములే మేలు. ధనము మిగిలినచో మంచి టైర్లకు, బ్రేకులకు వెచ్చించుట యుక్తము. రెక్కపై మక్కువ గలవారికి చెన్నై సమీపమున, కోయంబత్తూరున పందెపు మైదానములు కలవు. అచ్చట పరీక్షించి, నిపుణుల సలహాతో దాని కోణమును సరిచూచుకొనవచ్చును. ఆ చోట తప్పు జరిగినను మూల్యము చెల్లించువాడు తెలిసి దిగినవాడు. వీధిలో జరిగినచో బడినుండి ఇల్లు చేరు పసివాడు.

ఉత్సాహము యౌవనమునకు సహజము. దానిని అణచుట పెద్దల పని కాదు, దారి చూపుట పెద్దల పని. కుమారుడు కొత్త చక్రముల చిత్రమును చూపినప్పుడు తండ్రి వెల ఎంతయని మాత్రమే అడుగక, బరువెంత, ఎంత భారము మోయును, చట్టము అంగీకరించునా అని కూడ అడుగునుగాక. ఆ మూడు ప్రశ్నలకు బదులు వెదకిన బాలుడు మంచి ఇంజనీరు కాకపోయినను మంచి చోదకుడు తప్పక కాగలడు.