తొమ్మిదవ నెల పరిచర్య

నేడు నేను ప్రసంగింప బూనిన విషయము పదుగురిలో పలుకుటకు కొంత సంకోచము కలిగించునదే. అయినను మన ప్రాచీన వైద్యాచార్యులు సంకోచింపక వ్రాసినదానిని, వారి గ్రంథములు చదువుకొన్న నేను దాచుట తగదు. కాన్పు వేళ స్త్రీకి కలుగు చీలికను గూర్చియు, దానిని తగ్గించు తైలమర్దనమును గూర్చియు నాలుగు మాటలు మనవి చేసెదను. యాదగిరిగుట్ట చుట్టుపట్ల పల్లెలలో కోడలి కాన్పు ఎచ్చట, ఎట్లు జరుగవలెనో నిర్ణయించునది తరచుగా ఇంటి పెద్దలే. కావున ఈ మాట మీకు చెప్పుటయే ఉచితము.

యోనిద్వారమునకును గుదమునకును నడుమనున్న మెత్తని భాగమును మూలపీఠమందురు. శిశువు తల వెలువడునప్పుడు అది మిక్కిలి సాగవలెను. తొలిచూలు స్త్రీలకు అది తరచుగా చీలును. కొన్ని వేళల వైద్యులే కత్తిరించి కుట్లు వేయుదురు. ఆ గాయము మానువరకు కూర్చుండుటయు, బిడ్డకు పాలిచ్చుటయు కష్టమే. చీలిక గుదము వరకు పోయినచో మలమును ఆపుకొను శక్తియు సడలవచ్చును. ఇట్టి బాధను ఆడుబిడ్డ అత్తతో చెప్పలేదు, తల్లితోను చెప్పలేదు.

చరకసంహిత శారీరస్థానమున ఎనిమిదవ అధ్యాయములో గర్భిణికి నెలనెలకు చేయవలసిన పరిచర్య చెప్పబడినది. తొమ్మిదవ నెలలో మధురౌషధములతో కాచిన తైలముతో అనువాసనవస్తి ఇచ్చుటయు, ఆ తైలమున తడిపిన పిచువును, అనగా దూదిని, యోనియందుంచుటయు అందు విధింపబడినవి. గర్భమార్గము స్నిగ్ధమగుటయే వాని ప్రయోజనము. అయితే వీనిని ఇంటిలో ఎవరికి వారు చేయరాదు. నేను వీనిని పేర్కొన్నది, ప్రసవమునకు ముందే మార్గమును మృదువు చేయవలెనను ఆలోచన మనకు క్రొత్త కాదని తెలుపుటకే.

నేటి వైద్యులు ఈ ఆలోచననే వేరొక విధముగా పరీక్షించిరి. కోక్రేన్ అను సంస్థ 2013లో ప్రకటించిన సమీక్షలో నాలుగు పరిశోధనలు, సుమారు 2,500 మంది గర్భిణుల వివరములు కలవు. ముప్పదియైదవ వారము మొదలు వ్రేళ్లతో మర్దనము చేసికొన్న తొలిచూలు స్త్రీలలో కుట్లు పడినవారు తక్కువ. రమారమి పదునైదుగురు చేసికొన్నచో ఒకరికి కుట్లు తప్పును. ఇది గొప్ప అద్భుతము కాదు. కాని ఖర్చు లేనిది. వారమునకు ఒకటి రెండు మారులు చాలును. ఎక్కువ మారులు చేసినచో ఎక్కువ మేలు కలుగునని తేలలేదు.

విధానమిది. గోళ్లు తీసికొని, సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. శుభ్రమైన బాదమునూనెనో కొబ్బరినూనెనో బొటనవ్రేళ్లకు రాచుకొని, ద్వారమునకు ఒకటి రెండు అంగుళముల లోపల ఉంచి, క్రిందికిని ప్రక్కలకును మెల్లగా ఒత్తుచు ఐదు నిమిషములు సాగదీయవలెను. మూత్రద్వారము వైపు ఒత్తరాదు. కొంచెము మంట తోచవచ్చును. నొప్పి కలిగినచో మానవలెను. గర్భిణి తానే చేసికొనవచ్చును, లేదా ఆమె కోరినచో భర్త చేయవచ్చును. ఆమె ఇష్టము లేనిచో బలవంతము కూడదు.

రక్తస్రావము, ఉమ్మనీరు పోవుట, మాయ క్రిందికి ఉండుట, నెలలు నిండకయే నొప్పులు, యోనియందు పుండ్లు గాని చెడు స్రావము గాని ఉన్నచో దీనిని చేయనే కూడదు. మొదట వైద్యుని అడిగియే ప్రారంభింపవలెను. చేతుల శుద్ధి చిన్న సంగతి కాదు. 1847లో వియన్నా నగరమున సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు ప్రసవశాలలో చేతులు కడుగుట నియమము చేయగా బాలింతల మరణములు ఎంతయో తగ్గెను. ఈ సంగతి మరచి నొప్పుల వేళ కడుగని చేతితో నూనె పెట్టుట, పొట్ట నొక్కుట ప్రాణాపాయము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో, అందరికిని అలవాటుగా కోత పెట్టుట తగదనియు, బిడ్డ వెలువడు వేళ వెచ్చని గుడ్డ కాపడము, మృదుమర్దనము ఉపకరించుననియు చెప్పినది. మన రాష్ట్రమున 2017లో కరీంనగరమున ఫెర్నాండెజ్ సంస్థ తోడ్పాటుతో నర్సులకు ప్రసూతివిద్యలో శిక్షణ ప్రారంభమైనది. ఇట్టివారున్న చోట ఈ విధమైన పరిచర్య అడుగవచ్చును.

ఇక నా మనసులోని మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి అరువది కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినవి. దేశమంతటను చూడగా నూటికి ఇరువదియొకటి మాత్రమే. మర్దనము దీనిని తగ్గింపదు. తగ్గింపవలసినది మన తొందరయే. ముహూర్తము పెట్టుమని పంచాంగముతో నా యొద్దకు వచ్చువారికి నేను చెప్పునది ఒక్కటే: జాతకము పుట్టిన ఘడియను బట్టి వ్రాయబడును, ఘడియ కొరకు కడుపు కోయుమని శాస్త్రము చెప్పలేదు. తల్లికో బిడ్డకో అపాయమున్నచో శస్త్రచికిత్స ప్రాణదాతయే. అప్పుడు క్షణమైనను ఆలసింపరాదు. అపాయము లేనిచో ఓపిక పట్టుటయే పెద్దరికము.

అయ్యలారా! మీ యింటి కోడలిని ఆసుపత్రికి తీసికొనిపోవు దినమున ఈ సంగతి వైద్యురాలిని అడుగుటకు సిగ్గుపడకుడు. మీరడిగినచో ఆమెకు నోరు తెరచు ధైర్యము కలుగును. సెలవు.