మిర్చి టిక్కీకి ఉన్న తూకం మన బిడ్డకు లేదా?

(మిరపకాయ కోతలకు ముందు పల్లె సంఘం సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



గుంటూరు మిర్చి యార్డులో ప్రతి టిక్కీకీ తూకం ఉంది. పత్తి తీస్తే సాయంత్రం కాటా పెట్టి కిలోకి ఇంతని లెక్క కడతారు. ఆ పత్తి తీసిన తల్లిని, నీ బిడ్డ పోయిన నెల ఎన్ని కిలోలు, ఈ నెల ఎన్ని కిలోలు అని అడిగినవాడు ఉన్నాడా? ఇయ్యాల మేము మాట్లాడేది ఆ తూకం గురించే. ఇది డాక్టర్ల సంగతి, మనకెందుకు అనుకోవద్దు. ఇది సంఘం సంగతి.

"మా వంశమే పొట్టి, మాది సన్న ఒళ్ళు" అని మనమే అంటుంటాం. ఊళ్ళోవాళ్ళు "వీళ్ళ జాతే అంత" అంటారు. రెండూ అబద్ధాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 దాకా ఆరు దేశాల్లో పిల్లల్ని కొలిచింది. మన ఢిల్లీ పిల్లలు, ఆఫ్రికాలోని ఘనా పిల్లలు, నార్వే తెల్లపిల్లలు అందరూ అందులో ఉన్నారు. తల్లిపాలు, మంచి తిండి, వైద్యం అందిన పిల్లల్నే ఎంచుకుని చూశారు. తేలిందేందంటే, ఇవన్నీ అందితే ఐదేళ్ళలోపు ఏ దేశం బిడ్డయినా దాదాపు ఒకే తీరున పెరుగుద్ది. 2006లో దాన్నే కొలతగా ప్రకటించారు. అంటే మన పిల్లల పొట్టితనం జాతిలో లేదు. కంచంలో ఉంది, తాగే నీళ్ళలో ఉంది, తల్లికి దొరకని విశ్రాంతిలో ఉంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశం మొత్తంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో వందకు 35 మందికి పైగా వయసుకు తగ్గ ఎత్తు లేరు. షెడ్యూల్డు కులాల పిల్లల్లో వందకు 39 మంది. ఈ తేడా దేవుడు పెట్టింది కాదు.

బాబాసాహెబ్‌కు ఐదుగురు పిల్లలు పుడితే నలుగురు పసితనంలోనే పోయారు. 1926లో చిన్నకొడుకు రాజరత్న పోయాడు. రెండేళ్ళకి, 1928లో, బొంబాయి శాసనమండలిలో స్త్రీ కార్మికుల ప్రసూతి బిల్లు వస్తే ఆయన దాన్ని బలపరిచారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి ఇవ్వటం దేశానికే మేలని వాదించారు. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి 6000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని రాసింది. మిరపచేలో వంగి కోసే తల్లికి ఆ విశ్రాంతి ఇప్పటికీ దొరకటం లేదు.

బిడ్డ ఎట్టా పెరగాలో లెక్క తెలుసుకుందాం. పుట్టినప్పుడు రెండున్నర కిలోలకు తగ్గకూడదు. ఐదో నెలకి పుట్టిన తూకానికి రెట్టింపు, ఏడాదికి మూడింతలు కావాలి. మూడు కిలోల బిడ్డ ఏడాదికి తొమ్మిది కిలోలు ఉండాలన్నమాట. అంగన్‌వాడీ కార్డులో ప్రతినెలా చుక్క పెట్టించండి. చుక్కలు కలిపిన గీత పైకి పోతుంటే మేలు. అడ్డంగా సాగితే ఏదో తేడా ఉంది. కిందికి దిగితే అదే రోజు ఏఎన్ఎంని కలవండి. ఆరు నెలలు దాటిన బిడ్డ దండచెయ్యికి టేపు చుట్టినప్పుడు పదకొండున్నర సెంటీమీటర్లకు తగ్గితే ఎర్రరంగు వచ్చిద్ది. ఆ బిడ్డని ఇంట్లో ఉంచొద్దు, ఆసుపత్రికి తీసుకుపోవాలి.

బోర్లా పడితే బొబ్బట్లు పంచే ఆచారం మనది. ఆ గమనింపు ఇంకొంచెం పెంచుదాం. రెండో నెలకి తల్లి ముఖం చూసి నవ్వాలి. నాలుగో నెలకి మెడ నిలపాలి. తొమ్మిదో నెలకి ఊతం లేకుండా కూర్చోవాలి. ఏడాదికి అటూ ఇటూగా అత్త, తాత అనాలి. ఏడాదిన్నరకి నడవాలి. రెండేళ్ళకి రెండు మాటలు కలిపి చెప్పాలి. కొన్ని వారాలు వెనకాముందూ అయితే భయం లేదు. బాగా వెనకబడితే, వచ్చిన మాటలు పోతే, చప్పుడికి తల తిప్పకపోతే "లేటుగా వస్తాయిలే" అని కూర్చోవద్దు.

గీత ఎక్కువగా వంగేది ఆరో నెల నుంచి రెండేళ్ళ లోపు. ఆరు నెలల దాకా తల్లిపాలే చాలు, నీళ్ళు కూడా అక్కర్లేదు. కానీ మూడోనెలకే తల్లి కోతలకు పోతే బిడ్డ గట్టుమీద చీర ఉయ్యాల్లో ఉంటాడు, ఎనిమిదేళ్ళ అక్క ఊపుతుంటది. ఆ అక్క పేరు మా బడి రిజిస్టరులో ఉంటది, మనిషి ఉండదు. ఒక కూలికి ఇద్దరు పిల్లలు నష్టపోతున్నారు. ఆరు నెలలు నిండినాక టీ నీళ్ళు, బిస్కెట్టు తిండి కాదు. మెత్తగా పిసికిన అన్నం, పప్పు, గుడ్డు, నూనెచుక్క, మునగాకు రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టాలి, రెండేళ్ళ దాకా పాలూ ఇవ్వాలి. చేలోంచి వచ్చినాక సబ్బుతో చేతులు కడిగి, రవిక మార్చి అప్పుడే బిడ్డనెత్తుకోండి. మందు కొట్టిన చేలో ఉయ్యాల కట్టొద్దు. పురుగుమందు డబ్బా కడిగి కూడా వాడొద్దు.

ఇక జబ్బులు. విరేచనాలైతే పాలూ తిండీ ఆపొద్దు. ఓఆర్ఎస్ పాకెట్టు లేకపోతే లీటరు కాచిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. ఎక్కువ ఉప్పు ప్రమాదం. జింకు మాత్రలు 14 రోజులు వాడాలి. కళ్ళు గుంటలు పడినా, బిడ్డ మగతగా ఉన్నా ఆసుపత్రే. దగ్గుతోపాటు డొక్కలెగరేస్తే అది గాలి సోకటం కాదు, న్యుమోనియా. వాతలు పెట్టొద్దు, తాయెత్తుతో కాలం గడపొద్దు. ఊపిరి లెక్కపెట్టండి. ఏడాదిలోపు బిడ్డకు నిమిషానికి 50, ఏడాది దాటిన బిడ్డకు 40 దాటితే వెంటనే బయల్దేరాలి. ఇంకోటి, మట్టి తినే బిడ్డని కొట్టొద్దు. రక్తం తక్కువేమో చూపించండి. అదే సర్వేలో మన రాష్ట్రంలో ఐదేళ్ళలోపు పిల్లలు వందకు 63 మంది రక్తహీనులు. ఐరన్ సిరప్పు, నులిపురుగుల మాత్ర ఊరికే ఇస్తారు.

నీళ్ళ సంగతి మనకి కొత్తగా చెప్పాలా? మంచినీళ్ళ చెరువుని పాడుచెయ్యొద్దని మున్నంగి సువార్త అడ్డుపడ్డందుకే కదా 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపింది! పసిపిల్లల విరేచనాలకు మందు ముందు మంచినీళ్ళే. పడమటి ప్రకాశంలో ఫ్లోరైడు ఇంకో శాపం. మన దేశంలో ఆ జబ్బుని వైద్యులు మొదట రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోవే. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. బోరు నీళ్ళు పరీక్ష చేయించమని పంచాయతీని అడగాలి.

ఇవన్నీ తల్లి ఒక్కతే చెయ్యలేదు. పనికి పోకపోతే పొయ్యి వెలగదు. అందుకే సంఘం ఈ నిర్ణయాలు చెయ్యాలని మేము కోరుతున్నాం.

ఒకటి: ప్రతినెలా పల్లెలో అందరిముందు పిల్లల తూకం జరగాలి. రాని బిడ్డ ఇంటికి సంఘం పోవాలి.

రెండు: అంగన్‌వాడీ ఊళ్ళో ఉంటే మన పసిబిడ్డ అక్కడికి నడవలేడు. ఎస్సీ, ఎస్టీ వాడలన్నిటికీ త్వరగా అంగన్‌వాడీలు పెట్టాలని సుప్రీంకోర్టు 2004 అక్టోబరు 7న ఆదేశించింది. ఆ కాగితం పట్టుకునే అర్జీ పెడదాం.

మూడు: 2005 ఉపాధి హామీ చట్టంలో, పని దగ్గరికి ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు వస్తే వాళ్ళని చూసే స్త్రీకి కూలి ఇవ్వాలని రాశారు. ఆ న్యాయం మిరపచేలకీ వర్తించాలి. కోత కూలి మాట్లాడేటప్పుడే నీడ, మంచినీళ్ళు, పిల్లల్ని చూసే మనిషి కూలి కూడా మేస్త్రితో, ఆసామితో మాట్లాడండి. పాలివ్వటానికి తీసుకున్న సమయానికి కూలి కొయ్యకూడదు.

నాలుగు: కర్నూలు నుంచి సుగ్గికి వచ్చినోళ్ళ బిడ్డలూ మన బిడ్డలే. వాళ్ళ పేర్లు అంగన్‌వాడీలో రాయించే పూచీ మనది. ఉయ్యాల ఊపే ఆడపిల్లల్ని బడికి చేర్చే పని మా ఉపాధ్యాయులది.

కోతలు మొదలుకాకముందే మొదటి తూకం పెడదాం. ప్రతి తల్లీ కార్డు తీసుకుని రావాలి. కార్డు లేని తల్లి బిడ్డని తీసుకుని వస్తే చాలు, కార్డు సంఘమే ఇప్పిస్తుంది. బిడ్డనెత్తుకుని తండ్రులూ రావాలి.

జై భీమ్.