డ్విండిల్: తగ్గిందా, తగ్గించారా?

(రాత్రిబడి పిల్లలు, కూలికి పోయొచ్చిన పెద్దలు కలిసి కూర్చున్న సభలో మేము చేసిన ప్రసంగం)



ఈ పొద్దు మేము చెప్పేది ఒక్క ఇంగ్లీషు మాట గురించే. ఒక్క మాటకు ఇంత సభ ఎందుకని కొందరు నవ్వుకోవచ్చు. ఆ మాట మా ఇంటికి ఎట్లా వచ్చిందో ముందు వినండి.

మా అబ్బకిచ్చిన డీకేటీ పట్టాలో మూడెకరాలుంది. కొలిపిస్తే ఎకరా నలభై సెంట్లు తేలింది. ఒక పక్క గట్టు జరిగింది. ఇంకో పక్క బండ్ల బాట పడింది. వంక పక్కన పెద్దరైతు కంచె ఏటేటా లోపలికొచ్చింది. అర్జీ పెట్టుకున్నాం. ఏడాదికి ఒక ఆఫీసు నుంచి జవాబొచ్చింది, ఇంగ్లీషులో. కాలక్రమంలో మా భూమి విస్తీర్ణం 'డ్విండిల్' అయిందని అందులో ఉంది. చదువుకున్న పెద్దమనిషికి చూపిస్తే, "ఏం లేదప్పా, తగ్గిందని రాసినారు, అంతే" అని మడిచి చేతికిచ్చినాడు. మేమూ తీసుకపోయి పెట్టెలో పెట్టినాం. రెండేండ్లు అది పెట్టెలోనే ఉండింది. మా చెల్లెలు డిగ్రీలో చేరి, డిక్షనరీ తీసి చూసిన రోజు మాకు తెలిసింది, ఆ కాగితానికి మేము ఎదురు జవాబు రాసి ఉండాల్సిందని.

మన కడపలో బ్రౌన్ దొర పండితులను పెట్టి పని చేయించినాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు డిక్షనరీ 1850లలో అచ్చయింది. ఆయన ఇల్లున్న చోట ఇప్పుడు పెద్ద లైబ్రరీ ఉంది. అదే జిల్లాలో మా వాడలోకి ఒక డిక్షనరీ రావడానికి నూట యాభై ఏండ్లు దాటింది. అందుకే మాట నేర్చుకుందాం, రాసుకోండి: డి, డబ్ల్యు, ఐ, ఎన్, డి, ఎల్, ఇ. డ్విండిల్.

అర్థం: కొంచెం కొంచెంగా తరిగిపోవడం, సన్నగిల్లడం. సంక్రాంతికి నిండుగా ఉన్న కుంట శివరాత్రికి మోకాటిలోతై, ఎండాకాలానికి బురదైతే, ఆ నీళ్లు డ్విండిల్ అయినట్టు. పాతరలో జొన్నలు, దీపంలో నూనె, చేతిలో దుడ్లు, ఊర్లో జనం, ఒంట్లో బలం, మనసులో ఆశ, వీటన్నిటికీ వాడొచ్చు. కుండ పగిలి నీళ్లు ఒక్కసారిగా పోతే ఈ మాట వాడరాదు. టమాట ధర రాత్రికి రాత్రి పడిపోతే 'ఫాల్' అంటారు గానీ ఇది కాదు. మూడు నుంచి ఒకటికి వచ్చిందని చెప్పాలంటే 'డ్విండిల్డ్ టు వన్' అని రాయాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ మాటకు మామూలుగా చేసేవాడు ఉండడు. 'నీళ్లు డ్విండిల్ అయినాయి' అనొచ్చు. 'ఫలానా ఆయన నీళ్లను డ్విండిల్ చేసినాడు' అని ఇంగ్లీషులో రాయరు. మన తెలుగులోనూ ఈ తేడా ఉంది. 'కూలి తగ్గింది' వేరే, 'కూలి తగ్గించినారు' వేరే. మొదటి దాంట్లో ఎవరూ కనబడరు. రెండో దాంట్లో మనిషి కనబడతాడు. ఆ మనిషిని చూపించే ఇంగ్లీషు మాట 'రెడ్యూస్'.

ఒక పాత కథ చెప్తాం. 1876 నుంచి 1878 దాకా మన సీమను పీల్చిన కరువు మీ అవ్వల నోట వినే ఉంటారు. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లాలో సుమారు నాలుగో వంతు జనం తగ్గినారు. జనాభా డ్విండిల్ అయిందని ఒక్క మాటలో రాసి పుస్తకం మూసేయొచ్చు. కానీ 1877లో రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, కరువు పనిలో రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, పైన ఒక అణా చాలన్నాడు. పౌనంటే అర్ధ కిలో కూడా కాదు. అంతకుముందు పౌనున్నర ఇచ్చేవాళ్లు. ఇది చాలదు, మనుషులు చస్తారని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అడ్డు చెప్పినాడు. అప్పుడు కూడా ఈ దేశపు గింజలు ఓడలెక్కి పోతూనే ఉన్నాయి. వాన రాకపోవడం నిజమే. గింజలు కోసింది మాత్రం మనుషులు, వాళ్లకు పేర్లున్నాయి.

ఇప్పటి సంగతి చూడండి. భూగర్భ జలం తగ్గిందంటారు. చీనీ తోటకు వెయ్యి అడుగుల బోరు వేయగలిగినోడు వేస్తాడు. పక్కనున్న మన చేదబావి ఎండుతుంది. ఇష్టమొచ్చినట్టు బోర్లు వేయకుండా 2002లో వాల్టా చట్టం వచ్చింది. దాన్ని అమలు చేయని వాళ్ల పేరు 'తగ్గింది' అన్న మాటలో కనబడదు. ఉద్యోగాలు తగ్గినాయంటారు. 1991 తర్వాత ప్రభుత్వ కంపెనీలను అమ్ముతూ, ఖాళీ పోస్టులు నింపకుండా, పర్మినెంటు పనిని కాంట్రాక్టుకిస్తూ వచ్చినారు. చట్టంలో రిజర్వేషన్ అట్లే ఉంది, దాని కింద ఉండాల్సిన కుర్చీలు లేవు.

బాబాసాహెబ్ 1918లోనే చిన్న కమతాల మీద వ్యాసం రాసినాడు. అన్నదమ్ములు పంచుకోవడం వల్లే భూమి ముక్కలవుతోందని అందరూ అంటుంటే, ఆయన అక్కడ ఆగలేదు. వేరే పని దొరకక జనమంతా భూమి మీదనే పడటం అసలు కారణమన్నాడు, పరిశ్రమలు కావాలన్నాడు. తగ్గిందని వినగానే ఎందుకని అడగడం మనం ఆయన దగ్గర నేర్చుకోవాలి.

కాబట్టి ఏ కాగితంలో ఈ మాట కనబడినా మూడు ప్రశ్నలు వేయండి. ముందు ఎంత ఉండేది? ఇప్పుడెంత? ఎవరి వల్ల, ఎప్పుడు? అడంగల్, వన్‌బీ, ఎఫ్‌ఎంబీ నకళ్లు తీసుకోండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబియ్యాల. అసైన్డ్ భూమిని పరాయివాళ్లు కొన్నా, ఆక్రమించినా 1977 చట్టం ఉంది. 2023లో దాన్ని సవరించి, 20 ఏండ్లు దాటిన పట్టాలకు అమ్ముకునే హక్కిచ్చినారు. అప్పుల్లో ఉన్నోని చేతికి అమ్మే హక్కొస్తే భూమి ఎవరి చేతికి పోతుందో మీకు చెప్పాల్నా?

మేము చేసిందిదీ. ఆ జవాబులో డ్విండిల్ అన్న చోట 'రెడ్యూస్డ్ బై' అని రాసి, 'బై' తర్వాత ఖాళీ గీత గీసి, ఆ గీత మీద పేరు నింపి పంపమని మళ్లీ అర్జీ పెట్టినాం. పేరు రాలేదు. సర్వేయరొచ్చినాడు. గొలుసు లాగితే బాట పక్క నలభై సెంట్లు తిరిగొచ్చింది. ఇంకా ఎకరా ఇరవై సెంట్లు రావాల. అడుగుతూనే ఉన్నాం.

చివరగా ఒక చేదు మాట. కారంచేడు తర్వాత, 1985లో, మీటింగంటే పల్లెలకు పల్లెలు కదిలేవి. ఇప్పుడు జనం తగ్గినారని మనమే అంటాన్నాం. ఆ మాట మన నోట్లోనూ దొంగమాటే. కూలోళ్లు ఇంకా చేన్లో ఉన్న వేళకు మీటింగు పెట్టిందెవరు? ఆడోళ్లను పిలిచి మైకియ్యనిదెవరు? మాల, మాదిగ అని కుర్చీలు దూరం జరిపిందెవరు? ఆ ఖాళీ గీత మీద మన పేర్లు కూడా రాసుకోవాల.

వచ్చేసారికి ఒక్కొక్కరు మూడు వాక్యాలు రాసుకొని రండి. మీ ఇంట్లో, మీ వాడలో తరిగింది ఏది, ఎంత, ఎవరి వల్ల. రాయడం రానోళ్లు చెప్పండి, పిల్లలు రాస్తారు.

జై భీమ్.