జెడ్డా ఎంత దూరం?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హజ్‌కో, ఉమ్రాకో బయలుదేరే ప్రతి ఇంట్లోనూ ముందుగా వినపడే ప్రశ్న ఒకటుంది. "జెడ్డా ఎంత దూరమండీ? విమానంలో ఎంతసేపు కూర్చోవాలి?" ఈరోజు దాని గురించే నాలుగు మాటలు చెబుతాను.

హైదరాబాదు నుంచి జెడ్డాకు ఆకాశమార్గాన సుమారు 4,100 కిలోమీటర్లు. ఎక్కడా దిగకుండా పోయే విమానానికి ఐదున్నర నుంచి ఆరు గంటలు పడుతుంది. తిరుగు ప్రయాణంలో గాలి వెనుక నుంచి తోస్తే ఐదు గంటలకే వచ్చేస్తాము. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. ఉదయం 8 గంటలకు ఇక్కడ ఎక్కినవారు, మన లెక్కన మధ్యాహ్నం రెండు కావస్తుండగా దిగుతారు. అక్కడ మాత్రం అప్పుడు పదకొండుంబావు. దిగగానే గడియారం సరిచేసుకోండి, లేకపోతే నమాజు వేళలు తారుమారవుతాయి.

మా తాతగారి రోజుల్లో రైలెక్కి బొంబాయి చేరి, అక్కడ ఓడ ఎక్కేవారు. సముద్రం మీద వారం, ఒక్కోసారి అంతకు పైనే. మన దేశం నుంచి హజ్ ఓడలు 1995తో ఆగిపోయాయి. ఆ ప్రయాణంలో కష్టం ఉండేది గాని, తీరిక కూడా ఉండేది. మీఖాత్ హద్దు వస్తున్నదని తెలిశాక స్నానం చేసి, ఇహ్రాం కట్టుకుని, నింపాదిగా నియ్యత్ చేసుకునేవారు. విమానం అలా కాదు. నిమిషానికి సుమారు 14 కిలోమీటర్లు పోతుంది. ప్రకటన విని లేచేలోపే హద్దు దగ్గర పడుతుంది.

నా సంగతే చెబుతాను. నాన్నగారిని ఉమ్రాకు తీసుకువెళ్లినప్పుడు, గుంటూరు నుంచి రాత్రంతా బస్సులో వచ్చిన అలసటలో ఆయన ఇహ్రాం బట్టలు పెద్దపెట్టెలో సర్దేశాను. ఆ పెట్టె కాస్తా విమానం పొట్టలోకి పోయింది. సగం దారిలో గుర్తొచ్చింది! ఇహ్రాం లేకుండా మీఖాత్ దాటితే వెనక్కి వెళ్లాలి, లేదా దమ్, అంటే ఖుర్బానీ ఇవ్వాలి. నాన్నగారు నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ. చివరకు వెనుక సీటులోని పెద్దాయన తన దగ్గరున్న అదనపు జత ఇచ్చారు. అల్లాహ్ ఆయనకు మేలు చేయుగాక.

అందుకని నా మనవి ఏమంటే, నేరుగా జెడ్డాకు పోయే మగవారు ఇంటి దగ్గరో విమానాశ్రయంలోనో ఇహ్రాం కట్టుకునే ఎక్కండి. నియ్యత్ మీఖాత్ దగ్గర చేసుకోవచ్చు. ఆడవారికి వేరే బట్టలు అక్కరలేదు, నియ్యత్ మాత్రం మరవకూడదు. ముందుగా మదీనాకు పోయేవారికి తొందర లేదు. మక్కాకు బయలుదేరేటప్పుడు జుల్‌హులైఫా దగ్గర కట్టుకుంటారు. బీపీ, షుగరు మందులు చేతిసంచిలోనే ఉంచండి.

ఇంకొక మాట. ఆరు గంటలన్నది విమానం లెక్క మాత్రమే. ఇంటి నుంచి విమానాశ్రయానికి, అక్కడ తనిఖీలకు, దిగాక జెడ్డా నుంచి మక్కాకు మరో 80 కిలోమీటర్లకు పట్టే వేళ కూడా కలుపుకోండి. ఒక పగలూ రాత్రీ గడిచిపోతుంది. పెద్దవాళ్లతో "ఆరు గంటలే" అని చెప్పి తీసుకువెళ్లకండి.

దూరం తగ్గింది గాని తయారీ తగ్గలేదు. ఓడలో చేసుకునే తయారీ ఇప్పుడు ఇంట్లోనే చేసుకోవాలి. బయలుదేరే వారందరి ప్రయాణం సుఖంగా సాగాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాను. ఆమీన్.