కళ్లు కాగితం మీద, వేళ్లు కీల మీద

లోపలికి వస్తూ బయట అరుగు మీద కూర్చున్న పిల్లల్ని అడిగాను, టైపు ఎక్కడ నేర్చుకున్నారని. “నేర్చుకోవడమేముందండీ, కొడుతుంటే అదే వచ్చేసింది” అన్నారు. ముప్ఫై ఏళ్లుగా టైపు నేర్పుతున్నాను, ఈ మాట చాలాసార్లు విన్నాను. అది అబద్ధం కాదు. నిజంగానే వచ్చేస్తుంది. అయితే ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నది ఈ సాయంత్రం మీకు విప్పి చెప్పాలని నా కోరిక.

కొన్నేళ్ల కిందట దస్తావేజులు రాసే చోట పనిచేసే ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. రెండు చూపుడు వేళ్లతోనే కొడతాడు, కానీ చకచకా కొడతాడు. వేగంలో ఆయనకు లోటు లేదు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. పాత దస్తావేజు పక్కన పెట్టుకుని చెక్కుబందీ, అంటే పొలం హద్దుల వివరం, ఎక్కిస్తున్నాడు. తూర్పున ఫలానా వారికి గల పొలం, దక్షిణాన గల డొంక, పడమర గల పంట కాలువ. ఆయన చూపు కాగితం మీద నుంచి కీబోర్డు మీదికి, అక్కడి నుంచి తెర మీదికి, మళ్లీ కాగితం మీదికి తిరగాలి. అలా తిరిగి వచ్చినప్పుడు ‘గల’ అన్న మాట దగ్గర దిగింది. ప్రతి హద్దులోనూ ‘గల’ ఉంటుంది కదా. దిగాల్సిన ‘గల’ దగ్గర కాకుండా దాని కింది ‘గల’ దగ్గర దిగింది. దక్షిణపు హద్దు మొత్తం ఎగిరిపోయింది. రిజిస్ట్రేషన్ అయ్యాక గానీ ఎవరూ చూడలేదు. సవరణ దస్తావేజు రాయించుకుని, రెండు పక్షాల వాళ్లూ పని మానుకుని మళ్లీ వచ్చి సంతకాలు పెట్టాల్సి వచ్చింది.

ఆయన వేళ్లు ఏ తప్పూ చేయలేదండీ. చూపు దారి తప్పింది. టైపు గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది. చూడకుండా కొట్టడం నేర్చుకోమనేది వేగం కోసం అనుకుంటారు చాలామంది. నిజానికి అది ముందు కళ్లను విడిపించడానికి. వేగం ఆ తర్వాత వస్తుంది.

చూడకుండా కొట్టే ఈ విద్య టైపు యంత్రంతో పాటు పుట్టలేదు. అమెరికాలో మిల్వాకీ పట్నానికి చెందిన క్రిస్టఫర్ షోల్స్ అనే పత్రికా సంపాదకుడు, మరో ఇద్దరు మిత్రులతో కలిసి 1868లో టైపు యంత్రానికి పేటెంటు పొందాడు. తుపాకులు చేసే రెమింగ్టన్ వాళ్లు దాన్ని 1874లో బజారులోకి తెచ్చారు. ఇప్పుడు మన కీబోర్డు మీదున్న క్యూ డబ్ల్యూ ఈ ఆర్ టీ వై వరస ఆ వంశానిదే. ఆ మొదటి యంత్రంలో అచ్చులు కాగితానికి కింది వైపు నుంచి కొట్టేవి కాబట్టి, కొట్టిన అక్షరం అప్పటికప్పుడు కనిపించేది కాదు. అయినా వేళ్లకు ఓ పద్ధతి నేర్పాలన్న ఆలోచన వెంటనే రాలేదు. రెండు వేళ్లతో కొందరు, నాలుగు వేళ్లతో కొందరు, కీలు చూసుకుంటూనే కొట్టేవారు.

సాల్ట్ లేక్ సిటీ కోర్టులో ఫ్రాంక్ మెక్‌గురిన్ అనే స్టెనోగ్రాఫర్ ఉండేవాడు. పది వేళ్లతో, కీలు చూడకుండా కొట్టడం తనంతట తానే సాధన చేశాడు. 1888 జూలై 25న సిన్సినాటిలో లూయీ ట్రాబ్ అనే టైపు బోధకుడితో పోటీకి దిగాడు. ఒకరు చెబుతుంటే కొట్టడం ఒక భాగం, కాగితం చూసి కొట్టడం రెండో భాగం. రెండింటిలోనూ మెక్‌గురినే గెలిచాడు. చెబుతుంటే కొట్టినప్పటి కంటే చూసి కొట్టినప్పుడు ఇద్దరి మధ్య దూరం బాగా పెరిగింది. ఎందుకు పెరిగిందో మన దస్తావేజు మిత్రుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంకో సంగతి గమనించండి. మెక్‌గురిన్ కూడా సొంతంగా నేర్చుకున్నవాడే. కాబట్టి సొంతంగా నేర్చుకోవడాన్ని నేను తప్పు పట్టను. దేన్ని నేర్చుకున్నామన్నదే చూడాలి.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ముప్ఫై మందిని కూర్చోబెట్టి, వాళ్ల వేళ్ల కదలికలను కెమెరాలతో పట్టారు. పది వేళ్లు వాడకపోయినా కొందరు పద్ధతిగా నేర్చుకున్న వాళ్లతో సమానంగా కొట్టారు. ఆ వేగానికి కారణం వేళ్ల లెక్క కాదు. ఒక అక్షరానికి ఎప్పుడూ ఒకే వేలు వాడటం, చేతుల్ని ఊరికే అటూ ఇటూ తిప్పకపోవడం, ఒక అక్షరం పడుతుండగానే తర్వాతి వేలు సిద్ధంగా ఉండటం. నేను దీన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అదే పరిశీలనలో తేలిన రెండో విషయం కూడా ఉంది. సొంతంగా నేర్చుకున్నవాళ్లు కీబోర్డు వైపు చూసే సమయం మిగతావాళ్ల కంటే దాదాపు రెట్టింపు.

మరి చూడకుండా కొట్టేవాళ్లకు కీలన్నీ కంఠతా వచ్చా? రావు! అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో బాగా టైపు చేసేవాళ్లకు ఖాళీ కీబోర్డు బొమ్మ ఇచ్చి, ఎనభై సెకన్లలో అక్షరాలు పూరించమన్నారు. సగటున పదిహేను అక్షరాలే సరిగ్గా పెట్టగలిగారు. వాళ్లేమో నిమిషానికి డెబ్భైకి పైగా పదాలు కొట్టేవాళ్లు. ఎక్కడుందో నోటితో చెప్పలేరు, వేలు మాత్రం నేరుగా వెళ్లి వాలుతుంది. ముగ్గు పెట్టే అమ్మని, చేయి ఎటు తిప్పావో చెప్పమ్మా అని అడిగి చూడండి. చెప్పలేక మళ్లీ పెట్టి చూపిస్తుంది. ఈ విద్య వేళ్లదే.

మా మాస్టారు అది తెలిసినవారు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి రోజే మా చేతుల మీద తువ్వాలు కప్పారు. దాని కింద ఎడమ చేయి ఏ ఎస్ డి ఎఫ్ మీద, కుడి చేయి సెమీకోలన్ ఎల్ కె జె మీద. పేజీలకు పేజీలు ఆ ఎనిమిది కీలే. లోయరు పరీక్షకు నిమిషానికి ముప్ఫై పదాలు, హయ్యరుకు నలభై అయిదు. మీలో నడివయసు దాటినవారికి ఆ టకటకలు ఇప్పటికీ చెవుల్లో ఉండి ఉంటాయి. ఇప్పటి కీబోర్డులో ఎఫ్ మీద, జె మీద చిన్న గీత ఉబ్బెత్తుగా ఉంటుంది, చూపుడు వేలితో తడిమి చూడండి. కళ్లు దించకుండా చేతులు ఇల్లు చేరడానికి పెట్టిన గుర్తు అది. ఏళ్ల తరబడి కంప్యూటర్ వాడుతూ, అది ఎందుకుందో ఎవరూ చెప్పని వాళ్లు ఎందరో.

పాత అలవాటును మార్చడం కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం. రెండు వేళ్ల వాళ్లను పక్కన నిలబడి చూశాను. ఒక్క పెద్దక్షరం కోసం క్యాప్స్ లాక్ నొక్కి, అక్షరం కొట్టి, మళ్లీ క్యాప్స్ లాక్ తీస్తారు. ఎడమ చేతి చిటికెన వేలికి షిఫ్టు పని ఎవరూ చెప్పలేదు మరి. స్పేసు కూడా చూపుడు వేలే కొడుతుంది, బొటనవేళ్లు గాలిలో ఉంటాయి. పద్ధతిలోకి మారగానే మొదటి రెండు మూడు వారాలు వేగం సగానికి పడిపోతుంది. నాకిది రాదులే అని ఎక్కువమంది మానేసేది అప్పుడే. మానకండి. ఆఫీసు పని ఒత్తిడిలో మొదలుపెట్టకుండా ఇంట్లో రోజుకు ఇరవై నిమిషాలు కూర్చోండి. తప్పు పడనంత నెమ్మదిగా కొట్టండి. తొందరపడితే వేలు తప్పునే నేర్చుకుంటుంది. కీబోర్డు మీద చేతి రుమాలు వేసుకోండి. ఉంగరపు వేలు, చిటికెన వేలు మొరాయిస్తాయి, మొరాయించనివ్వండి.

తెలుగు సంగతికి వస్తున్నాను. నాకు అన్నిటికంటే ప్రీతి దీని మీదే. మనలో చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల మీదుగా రాస్తున్నారు. ‘పడవ’ అనడానికి పి ఏ డి ఏ వి ఏ అని ఆరు కీలు. కేంద్ర ప్రభుత్వం భారతీయ లిపులకు ఒకే అమరికగా తెచ్చిన ఇన్‌స్క్రిప్ట్‌లో మూడు కీలు చాలు, ప, డ, వ. అందులో గుణింతపు గుర్తులు ఎడమ చేతి వైపు, హల్లులు చాలావరకు కుడి చేతి వైపు. ‘తెలుగు’ అని కొట్టి చూడండి. త కుడి చేతిది, ఎత్వం ఎడమది, ల కుడిది, కొమ్ము ఎడమది, గ కుడిది, కొమ్ము ఎడమది. తాళం వేసినట్టు చేతులు వంతులు తీసుకుంటాయి. క మీద షిఫ్టు నొక్కితే ఖ, గ మీద నొక్కితే ఘ. డీటీపీ మిత్రులు ‘అను’ సాఫ్ట్‌వేర్‌లో యాపిల్ అమరిక మీద అలవాటైనవాళ్లు, వాళ్ల వేళ్ల నైపుణ్యానికి నేను దండం పెడతాను. వాళ్లను మారమనడం లేదు. ఇంకా ఏదీ నేర్వనివాళ్లకే నా మాట.

ఇంగ్లీషులో చెడు అలవాటు పడినవాళ్లకు నేను తెలుగుతో మొదలుపెట్టమంటాను. మన బజారులో దొరికే కీబోర్డుల మీద సాధారణంగా తెలుగు అక్షరాలు అచ్చు వేసి ఉండవు. చూసినా ఏమీ కనిపించదు కాబట్టి కళ్లు కిందికి దిగడం మానేస్తాయి. చెరపాల్సిన పాత అలవాటు కూడా ఉండదు. మొదటి రోజు నడిమి వరస దాటకుండానే కోట, తోట, కోరిక, పిట్ట, చిరుత వచ్చేస్తాయి. అర్థంలేని అక్షరాల దండలు కాదు, అచ్చమైన మాటలు. దస్తావేజు మిత్రుడికి కూడా ఇలాగే మొదలుపెట్టించాను. ఇప్పుడు చెక్కుబందీ కొడుతుంటే ఆయన తల కదలదు, చూపు కాగితం మీదే ఉంటుంది.

వెనక బల్ల మీద నాలుగు కీబోర్డులు తెరల ముందు పెట్టించాను, మీద తువ్వాళ్లు కప్పి ఉన్నాయి. వరసగా రండి. ఎఫ్ మీదా జె మీదా గీతలు తడిమి చేతులు ఆనించండి. మొదటి మాటగా ఇన్‌స్క్రిప్ట్‌లో ‘పేరు’ కొడదాం. కుడి చూపుడు వేలు కాస్త ఎడమకు జరిపితే ప. ఎడమ ఉంగరపు వేలు ఉన్నచోటే నొక్కితే ఏత్వం. కుడి చూపుడు వేలు ఇంటికొచ్చి నొక్కితే ర. ఎడమ చూపుడు వేలు కాస్త కుడికి జరిపితే కొమ్ము. తల ఎత్తి తెర చూడండి.